యానాం పెట్రోలూ దొరసాని లాకూ

ద్రాక్షారామం వైపు నించి యానాం వెళ్ళే కాలవ గట్టు రోడ్డు మీద, యానాం దీపాలు కనపడీ కనపడకుండా ఉండే చోట, ఒక పాత లాకు ఉంది. కాలవలో పడవలు తిరిగిన రోజుల్లో, నీటి మట్టం మార్చి వాటిని దాటించడానికి కట్టింది. ఇప్పుడు తలుపులు తుప్పు పట్టిపోయాయి. లాకు మనిషి ఉండే ఇంటికి కప్పు లేదు, గోడలున్నాయి. నీళ్ళు కనపడకుండా గుర్రపుడెక్క పరుచుకుంది. పగటి పూట చూస్తే భయపడ్డానికి ఏమీ లేదు. మేకలు మేస్తుంటాయి.

పొద్దుగూకాక మాత్రం — దాని పేరెత్తకండి.

దొరసాని లాకు అంటారు దాన్ని. యానాంలో ఫ్రెంచి వాళ్ళున్న కాలంలో ఒక దొరగారి భార్య మొగుడి మీద అలిగి, చీకట్లో పడవెక్కి, ఈ లాకులో పడి చనిపోయిందట. శవం దొరకలేదట. అలక తీరాక ఆవిడకి మళ్ళీ యానాం వెళ్ళాలనిపించిందట, కానీ అప్పటికి పడవలు లేవు. అందుకని యానాం వెళ్ళే బళ్ళని ఆపుతుందట.

ముందు ఒక ఏడుపు... ఊఁ... ఊఁ... ఊఁ... అని సన్నగా, ఎటు నించో తెలియకుండా. తర్వాత బండికి ఎక్కిళ్ళు. తర్వాత — అంతే. బండి కదలదు.

"ఏ భాషలో ఏడుస్తుందండీ?" అని ఎవరో అడిగితే, "ఫ్రెంచిలోనండి. మాకొక్క ముక్క అర్థం కాలేదు కదా!" అన్నాడట విన్నవాడు. నవ్వకండి. నవ్వితే నాకు కథ ఆగిపోతుంది.

దొరసానికి పట్టింపులు కూడా ఉన్నాయి. యానాం వెళ్ళే బండినే ఆపుతుంది, యానాం నించి వచ్చే బండి జోలికి పోదు. వచ్చే బళ్ళలో మన బ్రాందీ సీసాలుంటాయి, ఆవిడకా వాసన పడదు అని పెద్దలు తేల్చారు. బస్సుల్నీ లారీల్నీ ఆపదు. టిక్కెట్టు కొని ఎరగని మనిషి కదా మరి. కార్లూ, మోటారు సైకిళ్ళే కావాలి. ఆపినా కాసేపే. ఓ నిమ్మకాయ తిప్పేసో, కొబ్బరికాయ కొట్టో, మా చర్చి వాళ్ళయితే ఓ కీర్తన అందుకునో కూర్చుంటే, మనసు కరిగి వదిలేస్తుంది. బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

కొందరికైతే కరగదు. వాళ్ళు యానాం దాకా బండి తోసుకుంటూ వెళ్ళి, అక్కడ పెట్రోలు పోయించుకుని, దొరసాని ఎంత కఠినురాలో చెప్పుకుంటూ వస్తారు.

ఆ గట్టు మీద ఎండిన నిమ్మకాయలూ, కొబ్బరి చిప్పలూ, కరిగిన కొవ్వొత్తులూ, అగరొత్తి పుల్లలూ అన్నీ కలిసి ఉంటాయి. మా ప్రాంతంలో అన్ని మతాల వాళ్ళూ ఒక్క మాట మీద ఉన్నది అక్కడే. ప్రభువు సన్నిధిలో కూడా అంత ఐకమత్యం నేను చూడలేదు.

ఇక శ్యాంబాబు సంగతి వినండి. ఆయన చెప్పిందే చెబుతున్నాను, ఉన్నదున్నట్టు.

శ్యాంబాబు ద్రాక్షారామం జూనియర్ కాలేజీలో గుమస్తా. మా లూథరన్ చర్చిలో ఆదివారం కానుక సంచీ పట్టేది ఆయనే. మెత్తని మనిషి. తాగడు, తిట్టడు. ఉన్నది ఒకే ఒక్క బలహీనత — యానాం పెట్రోలు.

యానాం మన చేలకి ఆనుకునే ఉన్నా పుదుచ్చేరి కింద లెక్క. అక్కడ మందూ చవక, పెట్రోలూ చవక. మందు కోసం వెళ్ళేవాళ్ళు తల వంచుకుని వెళతారు. పెట్రోలు కోసం వెళ్ళేవాళ్ళు తల ఎత్తుకుని వెళతారు. అంతే తేడా. సొంత ఊరి బంకులో పెట్రోలు పోయించుకోవడమంటే మా వాళ్ళకి నలుగురిలో మొట్టికాయ తిన్నట్టు.

శ్యాంబాబుది పాత ఎర్ర కారు. రెండు చేతులు మారి ఈయన చేతికి వచ్చింది. పెట్రోలు ముల్లు ఎర్ర గీత కిందికి జారి, పసుప్పచ్చ దీపం వెలిగి, ఆ దీపానిక్కూడా విసుగొచ్చాక అప్పుడు బయల్దేరేవాడు యానాం. "ఖాళీగా వెళితేనే కదండీ నిండా పట్టేది!" అనేవాడు. నిండా పోయించేవాడు, ఆఖరి చుక్క దాకా నడిపేవాడు, మళ్ళీ వాసన మీద యానాం చేరేవాడు. ఏళ్ళ తరబడి ఇదే పూజ.

ఆయన భార్య రెబెక్కా హైస్కూల్లో సైన్సు టీచరు. పెళ్ళయి చాలా ఏళ్ళు పిల్లల్లేరు. మందులూ, మొక్కుబళ్ళూ, ఉపవాసాలూ అయ్యాక, ఇక అడగడం మానేసిన వేళకి దేవుడు చల్లగా చూశాడు. ఆ ఏడు వానాకాలం వెళ్ళేసరికి రెబెక్కాకి నెలలు నిండుతున్నాయి. అత్తగారు సువార్తమ్మ కూతురి పురిటి కోసం బైబిలూ, పచ్చళ్ళూ పట్టుకుని దిగింది.

సరిగ్గా అప్పుడు — శ్యాంబాబు కారు దొరసాని కంట్లో పడింది.

మొదటిసారి ఆఫీసు నించి అటే యానాం బయల్దేరాడు. లాకు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. అద్దాలు దించి ఉన్నాయి. కాలవ మీంచి చల్ల గాలి. కప్పల అరుపు.

అందులోంచి... ఊఁ...

రేడియో అనుకున్నాడు. రేడియో కట్టేసి ఉంది.

ఊఁ... ఊఁ... ఊఁ...

వెనక్కి చూశాడు. వెనక సీట్లో ఎవరూ లేరు. కారు ఓ ఎక్కిలి పెట్టింది. ఇంకోటి పెట్టింది. ఆగిపోయింది. ఏడుపూ ఆగిపోయింది.

ఇరవై మూడో కీర్తన మొదలుపెట్టాడు శ్యాంబాబు. గాఢాంధకారపు లోయ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట దాటలేకపోయాడు. మళ్ళీ మొదటికి వెళ్ళాడు. అలా ఎన్నిసార్లు చదివాడో, చెమటలు ఆరాక కీ తిప్పితే — కారు పట్టుకుంది! వెనక్కి చూడకుండా యానాం చేరి, నిండా పోయించుకుని, ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్నాడు.

మర్నాడు కారు భీమరాజు గ్యారేజీలో ఉంది.

భీమరాజు గారంటే మామూలు మెకానిక్కు కాదు. మీసం తిప్పుకుంటూ, బానెట్టు మీద చెయ్యేసి కళ్ళు మూసుకుంటే చాలు, ఇంజను తన బాధలు చెప్పుకుంటుందని ఆయన నమ్మకం. మన నమ్మకం కాదు, ఆయన నమ్మకం.

"కీ తిప్పండి శ్యాంబాబు గారూ."

తిప్పాడు. వెనక నించి 'జుయ్య్' మంది. ఇంజను పట్టుకుంది.

"విన్నారా? పెట్రోలు పంపు! ట్యాంకులో కూర్చుని పెట్రోలు తోడి ఇంజనుకి పంపేది అదేనండి. ఎలా పాడుతోందో చూడండి, కచేరీ!"

"ఇదివరకు ఇంత గట్టిగా పాడేది కాదండి రాజుగారూ..."

"ఇప్పుడు గొంతు విప్పిందండి. సంతోషించండి."

ప్లగ్గులు మార్చాడు. కాయిలు మార్చాడు. ఫిల్టరు మార్చాడు. కారు మళ్ళీ లాకు దగ్గర ఆగింది. బ్యాటరీ మార్చాడు. కారు ఆగింది. గ్యారేజీలో మాత్రం కీ చూపిస్తే చాలు, లేడిపిల్లలా గెంతేది.

"ఒక్కసారి నాతో లాకు దాకా రండి రాజుగారూ. జబ్బు అక్కడే కదా బయటపడేది."

భీమరాజు చేతిలో స్పానరు కింద పడింది.

"పొద్దున్నయితే వస్తానండి."

"పొద్దున్న చల్లపూట ఆగదండీ."

"మరింకేం, పొద్దున్నే వెళ్ళండి! ఆయ్... వినండి, ఇది యంత్రం రోగం కాదు. యంత్రం రోగమైతే నా గ్యారేజీలో దాక్కోలేదు. ఇది లాకు రోగం. దానికి మందు నా దగ్గర లేదు."

ఇక చికిత్స మారింది. పాస్టరు గారు వచ్చి బానెట్టు మీద నూనె రాసి ప్రార్థన చేశారు. ఆయన వెళ్ళగానే శ్యాంబాబు బంపరు లోపల, పాస్టరు గారు వంగినా కనపడని చోట, నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. దేవుడు చూస్తాడు కదా అంటే, దేవుడు అర్థం చేసుకుంటాడండి, పాస్టరు గారే అర్థం చేసుకోరు అన్నాడట.

"అల్లుడుగారూ, కారు కోసం ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థన పెడదామండి," అంది సువార్తమ్మ.

"ముందు ఆ కారు చేత ఉపవాసం మాన్పించండమ్మా," అంది రెబెక్కా, పుస్తకాలు దిద్దుకుంటూ.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో చదువుకున్న మనిషి మాట కదా.

నెలలు నిండాయి. కాకినాడలో డాక్టరమ్మ గారు, "మొదటి కాన్పు, వయసు కూడా ఉంది. నొప్పి తెలియగానే వచ్చెయ్యాలి. ఇంట్లో కూర్చోవద్దు," అని గట్టిగా చెప్పింది. ఒక సాయంత్రం రెబెక్కా తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే నొప్పి తెలిసింది. సన్నని వాన పడి వెలిసింది. వేసుకున్న తెల్ల నైటీతోనే, జుట్టు విరబోసుకునే, వెనక సీట్లో ఒరిగింది. సువార్తమ్మ ముందు సీట్లో బైబిలూ, కొవ్వొత్తీ, వేణ్ణీళ్ళ ఫ్లాస్కూ ఒళ్ళో పెట్టుకుంది.

ద్రాక్షారామం నించి కాకినాడకి తిన్నని రోడ్డుంది. చంటి పిల్లాడికైనా తెలుసు.

కారు కాలవ గట్టు ఎక్కింది.

"ఏవండీ... ఇటేంటి?"

"కాకినాడే కదా రెబెక్కా. యానాం మీదుగా కూడా వెళుద్ది."

"నొప్పులొస్తున్న మనిషిని పెట్టుకుని యానామా!"

"పెట్రోలు లేదు కదా. ఎలాగూ పోయించాలి కదా."

"మనం వచ్చింది బంకు ముందు నించే కదండీ!"

శ్యాంబాబు గేరు మార్చాడు. కళ్ళు రోడ్డు మీదే పెట్టాడు. పసుప్పచ్చ దీపం ఆయన గడ్డం మీద పడి వెలుగుతోంది.

"పోనీలేమ్మా," అంది సువార్తమ్మ. "యానాం పెట్రోలు చిక్కగా ఉంటుందంటారు."

చీకటి పడింది. వానకి తడిసిన గట్టు. ఎదురుగా బండి లేదు, వెనక బండి లేదు. తుమ్మలు దాటారు. వంతెన దాటారు. లాకు గోడలు తెల్లగా కనిపించాయి...

ఊఁ...

సువార్తమ్మ బైబిలు గుండెకి అదుముకుంది.

ఊఁ... ఊఁ... ఊఁ...

"ఇవాళ వద్దు తల్లీ," అన్నాడు శ్యాంబాబు లోగొంతుతో. "ఇవాళొక్కరోజు వదిలెయ్యి తల్లీ..."

ఒక ఎక్కిలి. ఇంకో ఎక్కిలి. కారు లాకు గోడ పక్కకి జారి... ఆగిపోయింది.

కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.

శ్యాంబాబు ఫోను తీశాడు. సిగ్నలు లేదు. తలుపు తీసుకుని దిగి, సాయం పిలుద్దామని పరిగెత్తాడు. పరిగెత్తి పరిగెత్తి లాకు ఇంటి గుమ్మం దాకా వెళ్ళాక, దొరసాని కాపురం అక్కడే కదా అని గుర్తొచ్చి, వెళ్ళినదానికి రెండింతల వేగంతో వెనక్కొచ్చాడు. వచ్చి కూర్చుని కీ తిప్పాడు.

ఊఁ... అని ఓ మూలుగు. మళ్ళీ మాయం.

వెనక నించి రెబెక్కా గొంతు వినిపించింది. సన్నగా. వణుకు లేదు. ఆ వణుకు లేకపోవడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఏవండీ... ఆ ఏడుపు బయట నించి కాదు."

"మరి?"

"నా కింద నించి."

శ్యాంబాబు స్టీరింగు పట్టుకుని ముందుకి జరిగాడు. సువార్తమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "యేసు నామమున పో! యేసు నామమున పో!" అని అందుకుంది.

"సీటు లేపండి," అంది రెబెక్కా. నెమ్మదిగా పక్కకి దిగి తలుపు పట్టుకు నిలబడింది.

"లేపితే... పైకొస్తేనో?"

"వస్తే నేను మాట్లాడతాను. లేపండి!"

లేపాడు. కళ్ళు మూసుకుని లేపాడు. ఫోను దీపం వేసి చూసింది రెబెక్కా. దొరసాని లేదు, గౌను లేదు. గుండ్రటి రేకు మూత, దాని చుట్టూ స్క్రూలు, లోపలికి దిగిన వైర్లు. రేకు మీద చెయ్యి పెట్టి, "అబ్బా!" అని లాక్కుంది. పెనం.

నొప్పి వచ్చింది. తలుపు పట్టుకుని, పళ్ళు బిగించి, పోయేదాకా ఆగి అడిగింది.

"మనింటి బోరు మోటారు ఎలా కాలిపోయింది?"

"ఇప్పుడు బోరు సంగతేంటి రెబెక్కా..."

"చెప్పండి!"

"ఎండాకాలం. నీళ్ళు అడుగంటాయి. చూసుకోకుండా వేసి ఉంచాం."

"కాలిపోయే ముందు ఎలా అరిచింది?"

శ్యాంబాబు నోరు తెరిచాడు. 'ఊఁ' అనబోయి మానేశాడు.

"నీళ్ళలో మునిగి ఉంటేనే ఆ మోటారు చల్లగా ఉండేది. ఈ పెట్రోలు పంపూ మోటారే. పెట్రోల్లో మునిగి ఉండాలి. మీరు దీన్ని ఎప్పుడూ ఖాళీ ట్యాంకులోనే ఉంచారు. వేడెక్కుతుంది, ఏడుస్తుంది, ఆగుతుంది. మీ కీర్తనలు అయ్యేసరికి చల్లారి మళ్ళీ తిరుగుతుంది. యానాం వెళ్ళే బళ్ళే ఎందుకాగుతాయి? వచ్చే బళ్ళు ఎందుకాగవు? ఆలోచించండి!"

"వెళ్ళేటప్పుడు... అందరివీ ఖాళీ..."

"వచ్చేటప్పుడు?"

"నిండు..." అన్నాడు. "బస్సులు డీజిలు..." అని కూడా అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"ఊరు ఊరంతా ఎండగట్టిన ట్యాంకులేసుకుని ఈ లాకు దాకా వచ్చి ఆగుతున్నారు. పాపం ఆ చచ్చిపోయినావిడ మీద పెడుతున్నారు."

ఇంతలో ముందు సీట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

"అమ్మా! ఆర్పు!"

"వెలుగు లేకుండా ప్రార్థన ఎలాగే..."

"పెట్రోలు మూత పక్కన కొవ్వొత్తేంటమ్మా! కడుపులో బిడ్డతో సహా నలుగురం ఒక్కసారే పరలోకం వెళతాం!"

అగ్గిపుల్ల ఆరింది. ప్రార్థన చీకట్లోనే సాగింది.

ఇప్పుడు చల్లారే దాకా ఆగాలి. చల్లారినా ట్యాంకులో చుక్క లేదు, ఎంత దూరం పోతుంది? నొప్పి నొప్పికీ మధ్య ఎడం తగ్గుతోంది. రెబెక్కా మొహం మీద చెమట. శ్యాంబాబు ఆ మొహం చూశాడు. ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద నిలబడి అడుక్కున్న బిడ్డ. లీటరుకి కాసిని రూపాయలు మిగల్చడానికి ఆ బిడ్డని ఎక్కడికి తెచ్చాడో అప్పుడు తెలిసింది.

యానాం వైపు నించి — ఒక దీపం.

మోటారు సైకిలు. ఊగుతూ వస్తోంది. నడిపేవాడు పాటేదో పాడుకుంటున్నాడు.

శ్యాంబాబు కదిలే లోపే రెబెక్కా రోడ్డు మధ్యకి నడిచి రెండు చేతులూ చాపింది. తెల్ల నైటీ. నడుం దాకా విరబోసిన జుట్టు. వెనక లాకు గోడ. సరిగ్గా దీపం మీద పడ్డ క్షణాన నొప్పి వచ్చి — గొంతెత్తి అరిచింది.

పాట ఆగింది. బండి పడింది. మనిషి లేచాడు.

"దొరసానమ్మా! ఇంకెప్పుడూ తాగనమ్మా! పిల్లలు గల వాణ్ణమ్మా!"

అరుస్తూ వరి చేలో దూకి, మోకాటి లోతు బురదలో పరిగెత్తుతూ పోయాడు. చెప్పులూ, బండీ మిగిలాయి.

"రాజుగారి గొంతులా ఉందే..." అన్నాడు శ్యాంబాబు.

"ఎవరిదైతే ఏంటండీ! బండి ఎటు నించి వచ్చిందో చూశారా?"

చూశాడు. యానాం నించి. ట్యాంకు నిండుగా ఉంది!

ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పారబోశారు. పాత బండి, కార్బొరేటరు పైపు లాగి కుళాయి తిప్పితే పెట్రోలు ధారగా దిగింది. ఫ్లాస్కు నింపడం, కారులో పోయడం. పరిగెత్తి రావడం, మళ్ళీ నింపడం. ట్యాంకు నోట్లోకి నీళ్ళ సీసా మెడ కోసి గరాటులా పెట్టాడు. తొందరలో సగం చొక్కా మీదే పోసుకున్నాడు. మోటారు సైకిలు ట్యాంకు ఊగిస్తే చప్పుడు రానంత దాకా తోడాడు.

"తిప్పండి."

తిప్పాడు. జుయ్య్... అని నీరసంగా, గొంతు బొంగురుపోయినట్టు. ఇంజను దగ్గింది. ఇంకోసారి. దగ్గి, దగ్గి... పట్టుకుంది.

"స్తోత్రం!" అంది సువార్తమ్మ, కళ్ళు అప్పుడు తెరిచి.

యానాం బంకు ముందు నించి వెళ్ళారు. శ్యాంబాబు ఆ వైపు తలతిప్పలేదు. జీవితంలో మొదటిసారి.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం, ప్రభువుకి వందనాలు. కానీ డాక్టరమ్మ గారు బయటికొచ్చి శ్యాంబాబు చొక్కా వాసన చూసి, "ఇంకాస్త ఆలస్యమైతే బిడ్డ మనకి దక్కేది కాదండి. తిన్నని రోడ్డుండగా ఎటు పోయారు?" అని అడిగింది.

రెబెక్కా తిట్టలేదు. బిడ్డని ఆయన చేతుల్లో పెట్టి చెప్పింది.

"ఒక్కటే అడుగుతున్నానండి. ఈ పిల్ల ఎక్కే బండి ఇంకెప్పుడూ ఖాళీ ట్యాంకుతో కదలకూడదు."

"కదలదు. పిల్ల మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. చేసి చూపించండి."

కారు భీమరాజు గ్యారేజీకి వెళ్ళింది. భీమరాజుకి జ్వరం. మెడలో తాయెత్తు, మణికట్టుకి దారం, మీసం కిందకి వాలి ఉంది.

"కళ్ళారా చూశానండీ శ్యాంబాబు గారూ! తెల్ల గౌను! నేల దాకా జుట్టు! పైగా —" గొంతు తగ్గించాడు, "కడుపుతో ఉందండీ! ఇంత పొట్ట!"

శ్యాంబాబు గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"బండి... దొరికిందాండీ?"

"దొరికింది. సీసాలు ముట్టుకోలేదండి. పెట్రోలు మాత్రం మొత్తం తాగేసింది! చుక్క మిగల్చలేదు! వేవిళ్ళేమో అంటున్నారండి. ఊళ్ళో ఆడవాళ్ళు గాజులూ, చలిమిడీ పట్టుకెళ్ళి లాకు దగ్గర సీమంతం చేస్తామంటున్నారు."

చేశారు కూడా. రెండు ఊళ్ళ వాళ్ళు, మేం ముందంటే మేం ముందని పోట్లాడుకుని మరీ చేశారు.

"రాజుగారూ, పంపు మార్చండి," అన్నాడు శ్యాంబాబు.

"పంపా? అది బ్రహ్మాండంగా పాడుతోంది కదండీ!"

"బాగున్న పంపు పాడదటండి. మా ఆవిడ చెప్పింది."

భీమరాజు నమ్మలేదు. నమ్మకుండానే సీటు లేపాడు. వైరు ఊడదీశాడు, పైపుకి గుడ్డ చుట్టి లాగాడు, స్క్రూలు తీసి, చేపని బుట్టలోంచి తీసినట్టు పంపుని ట్యాంకులోంచి పైకి తీశాడు. అడుగున జల్లెడకి నల్లటి మడ్డి అట్టకట్టి ఉంది. అడుగంటిన ట్యాంకులో మట్టి తప్ప ఏం తోడుతుంది? బ్యాటరీకి రెండు వైర్లు తగిలిస్తే... ఊఁ... అని ఒక్క మూలుగు మూలిగి, గ్యారేజీలోనే, పట్టపగలే ప్రాణం వదిలింది.

భీమరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇదే... ఇదే ఏడుపండీ!"

"ఆయ్," అన్నాడు శ్యాంబాబు.

"అయితే దొరసాని దీన్ని ఆవహించిందన్న మాట!"

ఏం చెబుతాం. కొత్త పంపు దిగింది. కొత్త రబ్బరు రింగు వేసి మూత బిగించాడు. కీ తిప్పితే చెవి ఒగ్గితే గాని వినపడని చిన్న చప్పుడు, నిద్రలో పసిపిల్ల ఊపిరిలాగ.

తల్లీ బిడ్డా ఇంటికి రావాల్సిన రోజు వచ్చింది. శ్యాంబాబు కారు కడిగి, వెనక సీటు మీద మెత్తని దుప్పటి పరిచి, కాకినాడ ఆసుపత్రి గేటు ముందు ఆపాడు. రెబెక్కా బిడ్డతో వచ్చింది. ఎక్కబోతూ, ఎందుకో వంగి, ముందు వైపు చూసింది.

పసుప్పచ్చ దీపం వెలుగుతోంది.

"కొత్త పంపు కదా రెబెక్కా..." అన్నాడు. "ఎలాగూ ఇంటికే కదా... యానాం మీదుగా వెళితే..."

ఆమె నిటారుగా నిలబడింది.

"పంపు కొత్తదే. నడిపేవాడు పాతవాడే. అమ్మా, టాక్సీ పిలువు."

"రెబెక్కా! నలుగురూ చూస్తున్నారు!"

"చూడనివ్వండి. నేను అమ్మ వాళ్ళింటికి వెళుతున్నాను. ఏ రోజైతే మీరు మన ఊరి బంకులో ట్యాంకు నింపించుకుని వస్తారో, ఆ రోజు పిల్ల మీ బండెక్కుతుంది."

సువార్తమ్మ వెనక్కి తిరిగి తిరిగి అల్లుడి వైపు జాలిగా చూస్తూనే టాక్సీ ఎక్కింది. టాక్సీ తిన్నని రోడ్డు పట్టుకుంది.

అప్పుడైనా మనిషన్నవాడు ఏం చెయ్యాలి? వెనకే వెళ్ళాలి. శ్యాంబాబుకి ఉక్రోషం వచ్చింది. పంపు మార్పించింది ఎవరు? దుప్పటి పరిచింది ఎవరు? ఆ పూటంతా కారు ఆపేసి కాకినాడలోనే ఊరికే తిరిగి, పొద్దు వాలాక యానాం వెళ్ళి, మూత దాకా, పొంగి కారేదాకా పోయించాడు. "ఇంకా పట్టుద్ది, పొయ్యండి!" అని బంకు కుర్రాణ్ణి కసురుకుని మరీ పోయించాడు. ముల్లు పైకెక్కి నిలబడింది. అది చూసుకుంటూ గట్టు మీద ఇంటి దారి పట్టాడు.

ట్యాంకు నిండు. పంపు కొత్తది. యానాం నించి వచ్చే దారి. ఇప్పుడు ఆగడానికి ఏ కారణమూ లేదు. ఆ సంగతి ఇప్పుడాయనకి శాస్త్రప్రకారం తెలుసు.

లాకు గోడలు కనిపించాయి. గోడకి కట్టిన సీమంతం గాజులు గాలికి చిన్నగా మోగుతున్నాయి. శ్యాంబాబు నవ్వుకున్నాడు. ఈల కూడా వేశాడు.

కారు ఆగిపోయింది.

ఏడుపు లేదు. ఎక్కిళ్ళు లేవు. ఎవరో మర్యాదగా చెయ్యడ్డం పెట్టినట్టు... ఆగింది.

ముల్లు చూశాడు. పైనే ఉంది. కీ తిప్పాడు. కొత్త పంపు చక్కగా ఊపిరి తీసింది. ఇంజను పలకలేదు. మళ్ళీ తిప్పాడు. పలకలేదు. గాజుల మోత ఆగిపోయింది.

వెనక సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి... ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

శ్యాంబాబు అద్దంలోకి చూడలేదు. చూడలేకపోయాడు. మెడ వెనక తడి గాలి తగిలింది, కాలవ నీళ్ళ వాసనతో. చెవి దగ్గర గుసగుస వినిపించింది. ఫ్రెంచి కాదు. అచ్చం మన గోదావరి తెలుగు. ఎంతో మర్యాదగా.

"ఆవేళ నేను కాదండీ శ్యాంబాబు గారూ... అది మీ పంపు."

కాలవలో ఏదో బుడుంగున మునిగింది.

"ఇన్నేళ్ళూ మీ అందరి ఖాళీ ట్యాంకులకీ నన్ను ఆడిపోసుకున్నారు. ఊరుకున్నాను. కానీ ఆ పిల్లనీ, ఆ తల్లినీ అలా టాక్సీకి వదిలేసి వచ్చారే... అందుకని..."

చల్లటి చెయ్యి ఒకటి ఆయన భుజం మీద మెల్లగా ఆనింది.

"ఇవాళ మాత్రం... నేనేనండి."